ఒక్క మాట అడిగితే తేలిపోయే గొడవకి వంద పేజీలా?

నిద్రలేని_పాఠకురాలు
నిన్న రాత్రి ఒక ప్రేమ నవల చదువుతూ చదువుతూ విసుగొచ్చి మూసేశా. అప్పటిదాకా బ్రహ్మాండంగా ఉంది. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకరంటే ఒకరికి పడదు, మెల్లమెల్లగా దగ్గరవుతారు. ఆవిడకి నడుం నొప్పని ఎప్పుడో మాటవరసకి అంటుంది. వారం తర్వాత ఆమె సీట్లో లేనప్పుడు అతను వచ్చి కుర్చీ ఎత్తు సరిచేసి, ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకుని వెళ్ళిపోతాడు. ఆ పేరా వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకున్నాను. అంత బాగుంది.

ఇంతలో ఏమైందంటే, ఆవిడ వరండాలో నడుస్తూ అతను ఫోన్లో ఎవరితోనో అన్న మాట వింటుంది. అదీ సగమే. ఇక రాజీనామా, ఊరు మారడం, నంబరు మార్చడం! అతనైనా వెనకాలే వెళ్ళి "ఏమైంది?" అని అడగొచ్చు కదా. అడగడు. బెల్లం కొట్టిన రాయిలా నిలబడతాడు. అక్కణ్ణుంచి వంద పేజీలు ఇద్దరూ విడివిడిగా కుమిలిపోవడమే.

నాకొక్కదానికే ఇలా ఒళ్ళు మండుతోందా, మీక్కూడానా? అసలు పుస్తకం ఎలా ఎంచుకుంటారు మీరంతా? ముందే పసిగట్టే ఉపాయం ఉంటే చెప్పి పుణ్యం కట్టుకోండి.

సుత్తివద్దు
70 శాతం దగ్గర అయ్యుంటుంది, పందెం. నా ఈ-పుస్తకాల రీడర్లో కింద శాతం కనపడుతుంది. 68, 69 అని వస్తుంటే నాకు గుండె దడ మొదలవుతుంది. ఇద్దరూ మరీ సంతోషంగా ఉన్నారంటే ఇంక అయిపోయింది వాళ్ళ పని.

నిద్రలేని_పాఠకురాలు
చూసి చెప్తున్నా, 71.

చివరిపేజీ_ముందు
నా పేరు చూస్తే తెలిసిపోతుంది కదా నా ఉపాయం. మొదటి అధ్యాయం, తర్వాత చివరి రెండు పేజీలు, ఆ తర్వాతే మిగతాది. ఇరవై ఏళ్ళ వయసు నుంచీ ఇదే అలవాటు. కలిశారని ముందే తెలిస్తే మధ్యలో ఎంత కొట్టుకున్నా నాకు బీపీ పెరగదు.

తర్కవాది
మరి చదవడం దేనికండీ? చివర తెలిశాక మిగిలేది ఏముంది?

చివరిపేజీ_ముందు
తర్కవాది గారూ, పప్పులో కాలేశారు. ప్రేమ నవలలో చివర ఏమవుతుందో ఎవరికి తెలీదు? అట్ట మీద బొమ్మే చెప్పేస్తుంది. అమెరికాలో ప్రేమ నవలలు రాసేవాళ్ళు 1980లో ఒక సంఘం పెట్టుకున్నారు. వాళ్ళ నిర్వచనంలో ఉన్నవే రెండు షరతులు: కథకి ప్రేమే మూలం కావాలి, ముగింపు మనసుకి తృప్తినిచ్చేదిగా, ఆశ మిగిల్చేదిగా ఉండాలి. అంటే చివర కలవడం ఈ జాతి పుస్తకానికి రూలు. నేను చూసేది కలుస్తారా లేదా అని కాదు, ఎలాంటి కలయికా అని. అతను తన తప్పు నోరు తెరిచి ఒప్పుకున్నాడా, లేక ఉంగరం తొడిగేసి పని కానిచ్చాడా? అది చివరి రెండు పేజీల్లో తెలిసిపోతుంది.

ఇంకొకటి కూడా చూస్తా. ఆఖర్లో "అయిదేళ్ళ తర్వాత" అని ఒక అధ్యాయం ఉండి అందులో కవలపిల్లలు ఉన్నారా అని. ఉంటే కొనను.

సుత్తివద్దు
కవలలంటే ఏం కోపం అమ్మా మీకు 😄

చివరిపేజీ_ముందు
ఒకడికి అతని కళ్ళు, ఒకతికి ఆమె నవ్వు. ఎన్నిసార్లని చదవను!

బైండుపుస్తకం
మీరంతా అదృష్టవంతులు, మీకు చివరి పేజీ ఉంది. మా రోజుల్లో నవలంటే వారపత్రికలో సీరియలే. చివరి పేజీ ఇంకా రచయిత్రి కలంలోంచి దిగి ఉండేది కాదు! గురువారం పత్రిక వస్తే ఇంట్లో ముందు ఎవరికి దక్కితే వాళ్ళదే. నేను గుమ్మం దగ్గరే నిలబడి ఆ మూడు నాలుగు పేజీలు చదివేసి, మళ్ళీ వారం దాకా అతను ఆ ఉత్తరం తెరిచాడా లేదా అని బుర్ర బద్దలు కొట్టుకునేదాన్ని. సీరియల్ అయిపోయాక ఆ పేజీలు చింపి, వరసగా పెట్టి, దారంతో కుట్టించి అట్ట వేయించుకునేవాళ్ళం. నా దగ్గర ఇప్పటికీ ఉన్నాయి అలాంటివి. ఒకదాంట్లో మధ్యలో ఒక వారం లేదు, ఎవరో పత్రిక అడిగి పట్టుకెళ్ళి తిరిగివ్వలేదు. ఆ వారంలోనే వాళ్ళిద్దరికీ చెడింది! తర్వాతి వారానికి ఆవిడ రైల్లో ఉంది. ఎందుకు చెడిందో ఈ రోజుకీ నాకు తెలీదు. అయినా ఆ నవల ఎన్నిసార్లు చదివానో.

నిద్రలేని_పాఠకురాలు
బైండు గారూ, అపార్థం ఉన్న భాగం పోయినా నవలకి ఏమీ కాలేదంటే నా వాదన నెగ్గినట్టే కదండీ!

బైండుపుస్తకం
అది కాదమ్మాయ్. సీరియల్ రాసేవాళ్ళకి ప్రతివారం చివర ఒక ముడి వెయ్యాలి. లేకపోతే వచ్చేవారం పత్రిక ఎవడు కొంటాడు? ఉత్తరం వేరేవాళ్ళ చేతిలో పడడం, తలుపు చాటున సగం మాట వినడం, చెల్లెల్ని చూసి ప్రియురాలనుకోవడం, అన్నీ అలా పుట్టినవే. వారానికొకటి చదివితే అవి కుదురుతాయి. కోపం వస్తుంది, వారంలో చల్లారిపోతుంది. ఒకే రాత్రి నాలుగు వందల పేజీలు చదివేవాళ్ళకి ముడి మీద ముడి కనబడుతుంది, చిరాకేస్తుంది.

మూడోకన్ను
బైండు గారు చెప్పినదాంట్లో పాయింటుంది. కానీ ఆ 70 శాతం లెక్క సీరియళ్ళకంటే, ఈ-పుస్తకాలకంటే చాలా పాతది. శాకుంతలం తీసుకోండి. మొత్తం ఏడంకాలు. రాజు "నువ్వెవరో నాకు తెలీదు" అనేది అయిదో అంకంలో. ఏడింట అయిదు అంటే ఎంత?

సుత్తివద్దు
71.4 😳

మూడోకన్ను
అదీ సంగతి. 1847లో వచ్చిన ఇంగ్లీషు నవల జేన్ ఐర్‌లో 38 అధ్యాయాలు. పెళ్ళి పీటల దాకా వచ్చి ఆగిపోయేది 26లో. అక్కడా అదే చోటు. ప్రేమ నవలల మీద పమేలా రీజిస్ అనే ఆవిడ 2003లో ఒక పుస్తకం రాసింది. ప్రతి ప్రేమ నవలలోనూ ఎనిమిది ఘట్టాలుంటాయంటుంది. కలవడం, అడ్డంకి, ఆకర్షణ, ప్రేమ చెప్పుకోవడం వగైరా. వాటిలో ఒకదానికి ఆవిడ పెట్టిన పేరే చావుని గుర్తు చేస్తుంది. ఇక వీళ్ళు కలవరు, కథ చచ్చిపోయింది అని మనకి అనిపించే ఘట్టమన్నమాట. అది లేకపోతే కలిసినప్పుడు మనకి ఏమీ అనిపించదు.

కాబట్టి విడిపోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. ఎందుకు విడిపోయారన్నదే చూస్తాను. జేన్ వెళ్ళిపోవడానికి అపార్థం కారణం కాదు. పెళ్ళాడబోయినవాడికి బతికున్న భార్య ఉంది. కూర్చుని మాట్లాడుకున్నారు, ఎంతో బతిమాలాడు, అయినా ఆ అడ్డంకి కరగలేదు. ఒక్క మాటతో తేలనిదీ అంటే అదీ. మీ ఆఫీసు నవలలో ఫోన్లో సగం మాట అడ్డంకే కాదు, అడ్డంకి వేషం.

తర్కవాది
శాకుంతలాన్ని భలే తెచ్చారు గానీ మీ వాదనకే దెబ్బ అది. అక్కడ ఉన్నది అచ్చంగా ఈవిడ తిట్టుకుంటున్న రకమే. దుర్వాసుడు శపించినట్టు అనసూయ, ప్రియంవదలకి తెలుసు. శకుంతలకి చెప్పకుండా దాచారు, పాపం బాధపడుతుందని. ప్రియంవద ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్ల ఉంగరం వేలినుంచి జారనిచ్చేదా?

నిద్రలేని_పాఠకురాలు
😂😂 ప్రియంవదే మన మొట్టమొదటి దొంగ స్నేహితురాలు.

మూడోకన్ను
దెబ్బ తగిలింది, ఒప్పుకోక తప్పదు. కానీ ఒక తేడా చూడండి. భారతంలో ఉన్న అసలు కథలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. రాజుకి అంతా గుర్తే, లోకం ఏమనుకుంటుందో అని తెలిసి తెలిసీ కాదంటాడు. ఆకాశవాణి పలికాక ఒప్పుకుంటాడు. ఆ కథలో శకుంతల సభలో నిలబడి రాజుని కడిగేస్తుంది. కాళిదాసు హీరోని మంచివాణ్ణి చెయ్యాలనుకున్నాడు, అందుకే మరుపు తెచ్చిపెట్టాడు. హీరో మీద మచ్చ పడకుండా విడదియ్యాలంటే రచయితకి అపార్థం కంటే సులువైన దారి లేదు. ఈనాటి నవలల్లోనూ అదే జరుగుతోందని నా అనుమానం. హీరో నిజంగా తప్పు చేస్తే మనమే ఒక్క నక్షత్రం ఇచ్చి తిడతాం. తప్పు చెయ్యకుండా విడిపోవాలంటే ఫోన్లో సగం మాట తప్ప ఏముంది?

చివరిపేజీ_ముందు
ఇది మాత్రం నిజం. తప్పు మనదే అంటారా చివరికి!

వెన్నెలకుప్ప
అందరూ అపార్థాన్ని ఆడిపోసుకుంటున్నారు, నాకు నచ్చలేదు. జీవితంలో మనుషులు అడుగుతారా నిజంగా? మా అక్క పెళ్ళికి ముందు బావ పంపిన మెసేజ్ చదివి జవాబివ్వలేదు. చదివినట్టు గుర్తు అతనికి కనపడింది. అతను ఇంకో మెసేజ్ పెట్టలేదు. ఇద్దరూ నెలల తరబడి మొహాలు చాటేసుకుని తిరిగారు. తీరా చూస్తే ఆ మెసేజ్‌లో ఉన్నది "రేపు ఖాళీయేనా?" అన్నంతే. ఇప్పుడు చెప్పుకుని నవ్వుతారు గానీ అప్పుడు మా అక్క మొహం చూడాల్సింది. అడిగితే ఎక్కడ "లేదు" అంటాడో అని అడగదు మనిషి. నాకు ఆ భయం పుస్తకంలో కనపడితే చాలా ఇష్టం.

నిద్రలేని_పాఠకురాలు
వెన్నెలగారూ, ఆ భయం ముందునుంచీ ఉంటే నేనూ ఏడుస్తా మీతో పాటు. నా పుస్తకంలో ఆవిడ ఎలాంటిదనుకున్నారు? మొదటి అధ్యాయంలో బోర్డు మీటింగులో ఎండీ లెక్కల్లో తప్పు పట్టుకుని నిలదీసింది. లిఫ్టులో అసభ్యంగా మాట్లాడినవాడిని అందరి ముందూ కడిగేసింది. ఆ మనిషికి ప్రేమించినవాడిని "ఏంటి నువ్వన్నది?" అని అడగడానికి నోరు పెగలలేదంటే నేను నమ్మాలా? రచయిత్రి అవసరం కోసం పాత్రకి నోరు కుట్టేసింది.

వెన్నెలకుప్ప
బయట పులి, ఇంట్లో పిల్లి రకం ఆడవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. కానీ మీరన్నట్టు ఆ పిల్లిని ముందే ఒకసారి చూపించాలి. అది ఒప్పుకుంటా.

మూడోకన్ను
జేన్ ఆస్టిన్ నవల ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ ఎందుకు అరిగిపోదంటే ఇందుకే. 61 అధ్యాయాల్లో హీరో డార్సీ హీరోయిన్‌ని మొదటిసారి పెళ్ళి చేసుకుంటావా అని అడిగేది 34లో. అక్కడే ఇద్దరూ ఒకరి మీద ఒకరు పెట్టుకున్న అపార్థాలన్నీ మొహం మీదే అనేసుకుంటారు. 35లో అతని ఉత్తరం. అంటే సగం దాటగానే సంగతి తేలిపోయింది! మిగిలిన సగం అంతా, తెలిసిన నిజాన్ని మింగలేక ఆవిడ పడే అవస్థ. అపార్థం తీరడంతో అక్కడ కథ మొదలవుతుంది.

పావురాయి
చాలా రోజులుగా చదివి పోతున్నా, ఇవాళ రాయాలనిపించింది. నేను మగవాణ్ణి, ప్రేమ నవలలు చదువుతాను. బస్సులో చదివేటప్పుడు ఫోన్లో అక్షరాలు చిన్నవి చేసుకుని చదువుతా, పక్కవాడు తొంగి చూస్తాడని.

నా బాధ వేరే. హీరోకి ఉద్యోగం ఉండాలండీ! పెద్ద కంపెనీకి యజమాని అంటారు, మూడొందల పేజీల్లో ఒక్క కాగితం మీద సంతకం పెట్టడు. రోజంతా హీరోయిన్ వెనకాలే. ఆ కంపెనీ ఎవరు నడుపుతున్నారు? నాకు ఆ మేనేజరు కథ కావాలి.

సుత్తివద్దు
ఆ మేనేజరే రెండో భాగంలో హీరో. సిరీస్ అంటే అదే.

పావురాయి
అప్పుడు మొదటి హీరో పని చెయ్యడం మొదలుపెడతాడా?

సుత్తివద్దు
లేదు, కవలల్ని ఎత్తుకుని పక్కన నవ్వుతూ నిలబడతాడు.

ఆలకించేది
నేను చదవను, వింటాను. కళ్ళకి శ్రమ తగ్గించమన్నారు డాక్టరు. బట్టలు మడతపెడుతూ, గిన్నెలు తోముతూ ఒకటిన్నర వేగంతో వింటా. ఒక్కటే ఇబ్బంది, ముద్దు పెట్టుకునే చోట వేగం తగ్గించడం మర్చిపోతే ఇద్దరూ రైలు తప్పిపోతున్నట్టు ఆయాసపడతారు. అపార్థం వచ్చిందనుకోండి, రెండింతల వేగం పెట్టేస్తా. మీ వంద పేజీల ఏడుపు నాకు రెండు పక్కగుడ్డలు మడతపెట్టేలోపు అయిపోతుంది. నిద్రలేని గారూ, ఇటు వచ్చెయ్యండి.

తర్కవాది
వినడం చదవడం ఒకటేనా?

ఆలకించేది
ఒకటే. ఇంకో వేదిక చూసుకోండి దాని మీద పోట్లాటకి 🙂 తేడా ఒకచోటే కనిపించింది నాకు. కథ అతని నోటా ఆమె నోటా మారుతూ ఉండే పుస్తకాల్ని ఇద్దరు కలిసి చదివితే స్వర్గం. మగగొంతు ఒక్కటే చదువుతూ హీరోయిన్ మాటలకి గొంతు సన్నం చేస్తే మాత్రం ఎంత విషాదమైనా నవ్వాగదు.

మూడోకన్ను
ఇద్దరి నోటా చెప్పడం వల్ల అపార్థాలకి ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది, ఎవరైనా గమనించారా? మిల్స్ అండ్ బూన్ అనే ఇంగ్లీషు పుస్తకాల ప్రచురణ సంస్థ 1908లో మొదలైంది, అప్పుడు అన్నిరకాల పుస్తకాలూ వేసేవాళ్ళు. ప్రేమ నవలల మీదికి పూర్తిగా దిగింది 1930ల్లో. ఆ తర్వాత చాలా ఏళ్ళు వాళ్ళ నవలల్లో కథంతా ఆమె కళ్ళతోనే నడిచేది. అతని మనసులో ఏముందో మనకీ తెలీదు, ఆమెకీ తెలీదు. అతను కనుబొమ ముడిస్తే మనమూ భయపడేవాళ్ళం. ఆఖరి అధ్యాయంలో అతను నోరు విప్పి "నిన్ను చూసిన మొదటి రోజే..." అని మొదలుపెట్టి రెండు పేజీలు ఏకధాటిగా వాంగ్మూలం ఇస్తే, అప్పటిదాకా జరిగినవన్నీ మన బుర్రలో తిరగబడేవి. ఆ మజా కోసమే పాతవి చదువుతాను నేను.

ఇప్పుడేమో పేజీ పేజీకీ అతని మనసు కూడా చెప్పేస్తున్నారు. అతను ప్రేమిస్తున్నాడని మనకి నూటికి నూరుపాళ్ళు తెలుసు. ఆవిడ ఒక్కతే అపార్థం చేసుకుంటుంది. ఒళ్ళు మండక ఏమవుతుంది?

నిద్రలేని_పాఠకురాలు
అయ్యో, ఇదే! నాకు ఎందుకు అంత చిరాకేసిందో ఇప్పుడు తెలిసింది. ఆ ఫోను సంభాషణ అంతకుముందు అధ్యాయంలోనే అతని వైపు నుంచి చెప్పేశారు. అతను మాట్లాడింది తన అన్న గురించి. ఆవిడ ఏడుస్తుంటే నాకు జాలెక్కడిది, "అన్న గురించే తల్లీ" అని అరవాలనిపించింది.

బైండుపుస్తకం
మూడోకన్ను గారు చెప్పిన ఆ కనుబొమ ముడిచే హీరోల కోసం పడి చచ్చాం మేము. కోపిష్ఠి, మాట్లాడడు, చెయ్యి పట్టుకుని లాగుతాడు. ఈమధ్య నా బైండు ఒకటి తీసి మా మనవరాలికి చదివి వినిపించబోయా. నాలుగో పేజీలోనే "అమ్మమ్మా, ఇతని మీద కేసు పెట్టొచ్చు" అంది. నాకు కోపమొచ్చింది ముందు. తర్వాత ఆ పేజీ మళ్ళీ చూసుకుంటే పిల్లదానిదే సబబనిపించింది. అయినా ఆ పుస్తకం మీద ప్రేమ మాత్రం పోలేదు సుమా.

చివరిపేజీ_ముందు
నేనూ అంతే. పదహారేళ్ళప్పుడు నచ్చిన హీరోని ఇప్పుడు చూస్తే వాడికి రెండు తగిలించాలనిపిస్తుంది. ఇప్పుడు నాకు నచ్చేవాడు ఎవరంటే, ఆవిడకి జ్వరం వస్తే సెలవు పెట్టి ఇంట్లో ఉండి, నిద్ర లేపకుండా మందు టైముకి ఇచ్చేవాడు.

పావురాయి
నిద్ర లేపకుండా మందెలా ఇస్తాడండీ?

చివరిపేజీ_ముందు
హీరో కదా 😌

వెన్నెలకుప్ప
నేను కోపిష్ఠి హీరోలవే చదువుతా, ఇప్పటికీ, సిగ్గు లేకుండా. నిజంగా అలాంటివాడు ఎదురైతే రోడ్డు దాటి అవతలికి పోతా. చదవడం వేరు, కావాలనుకోవడం వేరు. హత్యల నవలలు చదివేవాళ్ళని "మీకు చంపాలని ఉందా" అని ఎవరైనా అడుగుతారా? మమ్మల్నే ఎందుకు అడుగుతారు?

సుత్తివద్దు
వంద లైకులు వెన్నెలగారికి.

తర్కవాది
అడుగుతున్నందుకు తిట్టకండి. హత్యల నవల చదివితే కనీసం బుర్రకి పదును. గొప్ప ప్రేమకథలన్నీ విషాదాలే కదా. అంతా కలిసిపోతారని తెలిసిన పుస్తకాలు వందలకొద్దీ చదివి ఏం సాధిస్తారు?

చివరిపేజీ_ముందు
రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినట్టుంది. ఇంతసేపు ఏం చదివారు ఇక్కడ? హత్య నవలలో హంతకుడు చివర దొరుకుతాడని మీకు తెలీదా? తెలిసే చదువుతున్నారు. మాదీ అంతే. విషాద ప్రేమకథలు గొప్పవే, వాటి అల్మరా వేరు. ఆ అల్మరాలోది తెచ్చి ప్రేమ నవల అట్ట వేసి అమ్మితే మాత్రం ఊరుకోం. ఒకసారి అలా మోసపోయాకే నాకు ఈ చివరి పేజీ జబ్బు పట్టుకుంది. ఆఖరి అధ్యాయంలో హఠాత్తుగా అతన్ని లారీ గుద్దేసింది!

మూడోకన్ను
మీది జబ్బేం కాదు. జానిస్ రాడ్వే అనే పరిశోధకురాలు అమెరికాలో ఒక ఊళ్ళో ప్రేమ నవలలు చదివే ఆడవాళ్ళతో మాట్లాడి 1984లో పుస్తకం వేసింది. కొనేముందు ముగింపు చూసుకునేవాళ్ళు అందులోనూ ఉన్నారు. అయితే తర్కవాది గారి ప్రశ్నకి అక్కడ వేరే జవాబుంది. ఏం చదువుతున్నారు అన్నదానికంటే చదవడమనే పనే వాళ్ళకి ముఖ్యమట. పుస్తకం పట్టుకున్నంతసేపు తల్లీ కాదు, భార్యా కాదు, ఇంట్లో ఎవరికీ ఏమీ చేసిపెట్టక్కర్లేదు. పగలంతా అందరినీ చూసుకునే మనిషికి, ఒకామెని ఎవరో పట్టి పట్టి చూసుకునే కథ కావాలి. రాడ్వే దీన్ని మెచ్చుకుని వదిలెయ్యలేదు. ఆ ఓదార్పు దొరకడం వల్లే ఇంట్లో పరిస్థితి మారకుండా ఉండిపోతోందేమో అని కూడా అంది. దాని మీద ఇప్పటికీ కొట్టుకుంటారు.

ఆలకించేది
పుస్తకం పట్టుకుని కూర్చుంటే మాత్రం "ఖాళీగానే ఉన్నావుగా" అని ఇంట్లో ఎవరో ఒకరు పని చెప్తారు. చెవిలో పెట్టుకుని గిన్నెలు తోముతుంటే ఎవరూ కదిలించరు. నాకు స్వేచ్ఛ గిన్నెల దగ్గరే దొరికింది, ఏం చేస్తాం.

తర్కవాది
సరే, ఈ జవాబు బావుంది. వెనక్కి తగ్గుతున్నా. కొంచెమే.

సుత్తివద్దు
అసలు విషయానికొస్తా. నిద్రలేని గారి వంద పేజీల ఏడుపుకి నా దగ్గర ఇంకో కారణముంది, డబ్బు. కిండిల్ అన్‌లిమిటెడ్ అని నెలవారీ చందా కట్టి ఎన్నైనా చదువుకునేది ఉంది కదా. 2014లో వచ్చింది. మొదట్లో పుస్తకంలో కొంత భాగం చదివితే చాలు, రచయితకి వాటా వచ్చేది. దాంతో బుల్లి బుల్లి పుస్తకాలు కుప్పలు తెప్పలుగా వచ్చాయి. 2015 జూలై నుంచి రూలు మార్చి, పాఠకులు చదివిన పేజీల లెక్కన ఇవ్వడం మొదలుపెట్టారు. ఇక చూస్కోండి! రెండొందల పేజీల్లో అయిపోవాల్సిన కథ నాలుగొందలు. ఎక్కడ సాగదియ్యాలి? ఇద్దరూ సంతోషంగా ఉన్నచోట సాగదీస్తే బోరు. అందుకని విడగొట్టి సాగదీస్తారు.

బైండుపుస్తకం
మళ్ళీ మా వారపత్రికల దగ్గరికే వచ్చారు! పాఠకులు బాగా చదువుతున్నారంటే సంపాదకుడు ఇంకో పది వారాలు నడపమనేవాడని చెప్పుకునేవాళ్ళం. అప్పుడే హీరోయిన్‌కి ఓ పిన్ని కూతురు ఊడిపడేది.

మూడోకన్ను
పాత మిల్స్ అండ్ బూన్లు సుమారు 190 పేజీలకి కట్టేసేవాళ్ళు. ఏడవాలన్నా ఇరవై పేజీల్లో ఏడిచెయ్యాలి. ఆ కొలత వల్ల చాలామందికి మేలు జరిగింది.

సుత్తివద్దు
నేను అందుకే ఇప్పుడు రెండొందల యాభై దాటినవి ముట్టుకోను, ఎవరో నమ్మకమైనవాళ్ళు చెప్తే తప్ప.

వెన్నెలకుప్ప
ఉపాయం అడిగింది కదా ఆవిడ, నాది చెప్తా. మంచి రేటింగులు చూడను. ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ళు ఎందుకు తిట్టారో చదువుతా. "ఏమీ జరగలేదు, పుస్తకమంతా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు" అని ఎవరైనా తిట్టారా, కళ్ళు మూసుకుని కొనేస్తా. "హీరో మరీ మెతక" అన్నారా, అది చివరిపేజీ గారికి పంపిస్తా. "హీరో దుర్మార్గుడు" అన్నారా, నాకు.

నిద్రలేని_పాఠకురాలు
ఇది అద్భుతం. ఇన్నాళ్ళూ అయిదు నక్షత్రాలవాళ్ళ మాట నమ్మి కొంటున్నా. వాళ్ళు ఏ పుస్తకానికైనా "ఏడిపించేసింది" అనే రాస్తారు.

పావురాయి
నేను మధ్యలో ఎక్కడో తెరిచి రెండు పేజీలు చూస్తా. ఇద్దరూ ఒకే గదిలో ఉండి మాట్లాడుకుంటూ ఉంటే, ఆ మాటలు ఎవరివో పేర్లు చూడకుండా గుర్తుపట్టగలిగితే, తీసుకుంటా. చాలా పుస్తకాల్లో సగంలో తెరిస్తే ఒకరే కిటికీ దగ్గర నిలబడి ఆలోచిస్తుంటారు. కిటికీ కనపడితే పెట్టేస్తా.

చివరిపేజీ_ముందు
కిటికీ పరీక్ష! బావుంది. ఇంకొకటుందండీ, పాత పుస్తకాలు కొనేటప్పుడు. దాన్ని వీపు మీద నిలబెట్టి చేతులు వదిలెయ్యండి. తనంతట తను ఒకచోట తెరుచుకుంటుంది. అంతకుముందు చదివినవాళ్ళు మళ్ళీ మళ్ళీ తిరగేసిన పేజీ అది. అక్కడ బాగుంటే పుస్తకం బాగున్నట్టే. నా సొంతవి కొన్ని అయితే మొదటిసారి చెయ్యి తగిలే అధ్యాయం దగ్గర తప్ప తెరుచుకోవడం మానేశాయి. మళ్ళీ చదవడమంటే నాకు అక్కణ్ణుంచి అతను చెప్పేసేదాకానే, ముందూ వెనకా చదవను.

బైండుపుస్తకం
నేను మొత్తం చదువుతాను, పెళ్ళి పిలుపుల దాకా. పోయిన ఆ వారం దగ్గరికి రాగానే మాత్రం ఎందుకు చెడిందో ఒక్కోసారి ఒక్కో కారణం ఊహించుకుంటా. ఈసారికి ఫోన్లో సగం మాట విన్నదనుకుంటాలే.

నిద్రలేని_పాఠకురాలు
వద్దండీ వద్దు, మంచి నవలని పాడుచెయ్యకండి! 🙏

తర్కవాది
ఎవరూ నవ్వనంటే ఒకటి అడుగుతా. నాలాంటివాడు మొదలుపెట్టడానికి ఏది? అపార్థం ఉండకూడదు, హీరోకి ఉద్యోగం ఉండాలి, రెండొందల యాభై లోపు.

సుత్తివద్దు
నవ్వాను. అడిగిన మూడూ ఉన్నది ఒకటి నా దగ్గరుంది, మెసేజ్ చూసుకోండి. హీరో పశువుల డాక్టరు, రెండు పేజీలకోసారి ఏదో ఒక ఆవు ఈనుతూ ఉంటుంది, ప్రేమకి టైమే దొరకదు పాపం. అదే అడ్డంకి.

పావురాయి
నాక్కూడా పంపండి!

చివరిపేజీ_ముందు
అది చదివా. "అయిదేళ్ళ తర్వాత" ఉంది జాగ్రత్త.

సుత్తివద్దు
ఉంది. కవలలు ఆవుకి.